పడగ్గదిలో పుట్ట

“కొట్టప్పా మందు! తలుపులు తినేసినాయి, బీరువా తినేసినాయి. నిన్న కునుకు తీస్తాంటే నా పంచె కూడా లాగినాయి!” అన్నాడు కుప్పుస్వామి.

చెదలమందు కొట్టడానికొచ్చిన మునిప్రసాద్ కదల్లేదు. పడగ్గది మూలలో చెదలు మోకాలెత్తు పుట్ట లేపాయి. కుప్పుస్వామి భార్య శకుంతలమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టేసింది.

“దీన్ని తవ్వకుంటే ఇల్లు నిలబడదు సామీ. కానీ పసుపు పెట్టినాక ఇది నాగమ్మ పుట్ట. నేను ముట్టను. నాకు పిల్లలుండారు.”

“నువ్వూ ఆమె జతేనా? ఇట్లియ్!”

కుప్పుస్వామి అతని చేతిలోని గడ్డపార లాక్కుని ఎత్తాడు. ఎత్తిన చేతులు దిగలేదు. కాసేపటికి గడ్డపారను గోడకు ఆనించి, చెంపలు వేసుకున్నాడు.

“మూలలో ఉండాదే శకుంతలా, ప్రదక్షిణం ఎట్ల చేసేది?”

శకుంతలమ్మ పాలగిన్నె తెచ్చి పెట్టింది.

“తొందరేముండాది? ఆ గోడ మాత్రం ఇంకెన్నాళ్ళుంటాదిలే!”