చెంగమ్మ చేలో దేవుడు

జేసీబీ తొండం గాల్లోనే ఆగిపోయింది. డ్రైవర్ మునిస్వామి ఇంజను ఆపి కిందికి దూకాడు. దూకీ దూకగానే చెప్పులు విడిచాడు.

"నాతో కాదు సార్. ఆడ దేవుడుండాడు."

ఉమాశంకర్ జీపు దిగాడు. మదనపల్లె రింగు రోడ్డు పనికి మేనేజరు ఆయనే. పుంగనూరు వైపు నుంచి వచ్చిన మట్టికట్ట, నిమ్మనపల్లె వైపు నుంచి వచ్చిన మట్టికట్ట ఈ చేనుకు అటొకటి ఇటొకటి వచ్చి ఆగాయి. మధ్యలో మిగిలింది చెంగమ్మ టమోటా తోట ఒక్కటే. కర్రలకు కట్టిన చెట్లు కాయ బరువుకు వంగి ఉన్నాయి. కాయ రంగు తిరుగుతోంది.

గట్టు మీద మోకాలెత్తు రాయి. మందంగా పసుపు మెత్తి, ఎర్రగుడ్డ చుట్టి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. దాని పక్కన చెంగమ్మ కాళ్లు బారజాపుకుని కూర్చుంది.

"నిన్న లేదే ఇది?" అన్నాడు ఉమాశంకర్.

"నిన్న నువ్వు జీపు దిగితివా అప్పా? అద్దం దించి మాట్లాడి పోతివి. దిగింటే కదా కనపడేది."

నిన్న ఆమె అడిగిందీ, తను కాదన్నదీ ఆయనకు గుర్తుంది. కాయ కోసుకోవడానికి వారం గడువు. ఒక్కరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి. ఇవ్వలేదు.

"భూమి డబ్బు నీ ఖాతాలో ఎప్పుడో పడిందమ్మా. ఇది ఇప్పుడు నీ చేను కాదు."

"భూమి పాయ, తెలుసు. నేనడిగింది కాయ."

"ఈ రాయి ఎప్పటిది?"

"రెండేండ్లాయె ఈడికొచ్చి. వచ్చినప్పట్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు."

మునిస్వామి గబగబా లెంపలు వాయించుకున్నాడు. వెనకున్న కూలీలు కూడా ఒక్కొక్కరే చెప్పులు విడిచారు.

సర్వే చూసే వరుణ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "సార్, ఈ చేలో మన హద్దురాయి కూడా కనపడలేదు."

"ఎవడో పీకి పారేసుంటాడు. కొత్తది పాతించు. ముందు ఈ సంగతి చూద్దాం."

ఉమాశంకర్ కంగారు పడలేదు. కుప్పం పక్క రోడ్డు వేసేటప్పుడు ఎందరు దేవుళ్లను పక్కకు జరిపించాడో! మనుషులకంటే దేవుళ్లే నయం. కోర్టుకు పోరు. ఒక పూజారి, నాలుగు కొబ్బరికాయలు, అంతే. రోడ్డు మాత్రం వంకర పోకూడదు. ఆయన పట్టుదల అదొక్కటే.

ఊళ్లోంచి పూజారి వెంకటరమణప్పను జీపులో తెప్పించాడు.

"ఇప్పుడే కదిలించేద్దాం స్వామీ. ఏమేం కావాలో చెప్పండి."

పూజారి రాయి వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు. "ఆషాఢం కదా సార్. ఆషాఢంలో కదిలిస్తారా ఎవరైనా? అమావాస్య పోవాల. శ్రావణం తొలి శుక్రవారం పొద్దున్నే పెట్టుకుందాం."

"అంటే వారం పైనే!"

"నాదేముంది సార్. తొండం దించేటోడిని అడగండి."

మునిస్వామి అప్పటికే చింతచెట్టు కింద తువ్వాలు పరుచుకున్నాడు. ఉమాశంకర్ పైవాళ్లకు ఫోన్ చేశాడు. చుట్టుపక్కల ఊళ్ల డ్రైవర్లకు చేశాడు. సంగతి విన్న ప్రతివాడూ రానన్నాడు.

"సరే, శుక్రవారం. ఆ రోజు వానొచ్చినా, వరదొచ్చినా ఆగేది లేదు. విన్నావా అమ్మా?"

"ఏల ఆగాల? నేనే ముందు నిలబడతా," అంది చెంగమ్మ.

ఆ పూటే ఆమె కూలోళ్లను పిలుచుకుని తోటలోకి దిగింది. ఉమాశంకర్ అటుగా పోయిన ప్రతిసారీ టమోటా బాక్సులు మదనపల్లె మండీకి పోతూ ఎదురయ్యేవి. పోనీ. దేవుడి గడువులో ఆమె కోసుకుంటోంది. తను ఇచ్చింది కాదు. తన మాట తనకు దక్కింది.

శుక్రవారం పొద్దునకు చేను బోడిగా ఉంది. చెంగమ్మ చెట్లకు కట్టిన కర్రలు కూడా పీకి గట్టున పేర్చింది. ఊరంతా చేరింది. ఉమాశంకర్ తలంటుకుని, పంచె కట్టుకుని వచ్చాడు. పనివాళ్లకు నమ్మకం కుదరాలంటే తనే ముందుండాలి. చెప్పులు జీపు దగ్గరే విడిచి, బురదలో వట్టికాళ్లతో నడిచాడు. కొబ్బరికాయ తనే కొట్టాడు.

"సెలవడగండి సార్," అన్నాడు పూజారి.

ఉమాశంకర్ రెండు చేతులూ జోడించి తల వంచాడు. "స్వామీ, నీ చోటు తీసుకుంటున్నాం. కోపగించుకోకు. సెలవియ్యి."

"ఇంకోమారు."

ఇంకోమారు కూడా అడిగాడు.

పూజారి ఎర్రగుడ్డ విప్పి బిందెడు నీళ్లు పోశాడు. పసుపు పెళ్లలు పెళ్లలుగా జారింది. కింద తెల్లటి రంగు బయటపడింది. ఇంకో బిందె పోశాడు. తెలుపు మీద నల్లటి అక్షరాలు తేలాయి.

వరుణ్ వంగి చదివాడు. ఉమాశంకర్ వైపు తిరిగాడు. "సార్... ఇది మన హద్దురాయి."

ఉమాశంకర్ జోడించిన చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. "దేవుడని అబద్ధం చెప్తావా?" అని అరిచాడు.

"దేవుడన్నది నీ మునిస్వామి. నేనంటినా?" చెంగమ్మ ఖాళీ గంప చంకనెత్తుకుంది. "అడక్కండా మీరు పాతిపోయిన రాయే అప్పా అది. దానికైతే మంచిరోజు సూసి, చెప్పులిడిసి, చేతులెత్తి రెండుమార్లు సెలవడిగితివి. నాకు జీపన్నా దిగితివి కాదు."