అరంగుళం వదులు

“ఇంకో అరంగుళం వదులు చెయ్యి బాబాయ్. కుట్టు విప్పినట్టు ఆయనకి తెలియకూడదు.”

టైలరు కళ్ళజోడు పైకి తోసుకుని ఆమెనీ, బల్లమీద పెట్టిన ప్యాంటునీ మార్చి మార్చి చూశాడు. పోయిన వారమే కదా వదులు చేసిచ్చింది! అతను నోరు తెరిచేలోగా ఆమె మెట్లు దిగిపోయింది. పొయ్యిమీద పప్పు పెట్టి వచ్చింది మరి.

ఆమె భర్త ఫోన్ టవర్లు ఎక్కి రిపేర్లు చేసే మెకానిక్. పైనున్నంతసేపూ ఈల వేస్తుంటాడు, కిందకి దిగితేనే మొహం ముడుచుకుంటుంది. అలాంటివాణ్ణి కంపెనీ డాక్టరు తూకం చూసి కిందే ఆపేశాడు. “నడుముకి కట్టే బెల్టు మోసే బరువు దాటిపోయావు. మళ్ళీ పరీక్షకల్లా తగ్గితే సరే, లేకపోతే ఇక స్టోర్‌రూమే. ప్రోటీన్ ఎక్కువ తిను, ఆకలి అదుపులో ఉంటుంది” అన్నాడు.

చెప్పినంత తేలికా? అతని పొట్టకి పసిపిల్లల పొట్టకున్న ఓర్పు కూడా లేదు. శనగలు తిన్నరోజు కడుపు డోలయింది. ప్రోటీన్ పొడి పాలలో కలిపి తాగినరోజు బాత్రూములోనే డ్యూటీ. నాలుగు గుడ్లు ఒక్కసారే మింగితే తెల్లార్లూ తేన్పులు.

ఆమె పట్టు వదల్లేదు. అంతా ఒకేసారి కుక్కడం మాని, పూటకి కాస్త చొప్పున పెట్టింది. పొద్దున ఒక్క గుడ్డు, మధ్యాహ్నం మెత్తగా ఉడికిన పెసరపప్పు, సాయంత్రం ఆవిరిమీద ఉడికించిన చేపముక్క. కొత్తదేది పెట్టినా పొట్ట ఏమంటుందో చూశాకే ఇంకోటి. పొట్ట గొడవ మానేసింది గానీ, ప్యాంటు మాత్రం పిసరంత కూడా జారలేదు. తూకం మిషనుంటే రోజూ ఎక్కి దిగులుపడతాడని అది ఇంట్లోకి రానివ్వలేదామె.

“మన రాత ఇంతేనోయ్. రేపట్నుంచి మామూలు తిండే పెట్టు” అని అతను నీరసపడ్డ రోజే ఆమె అతని డ్యూటీ ప్యాంటు పట్టుకుని మొదటిసారి టైలరు దగ్గరికి పరుగెత్తింది.

ఆ ప్యాంటు తొడుక్కుని అతను గదిలో గెంతాడు. “చూశావా? వేలు దూరుతోంది!”

ఇక పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. వారం వారం ప్యాంటు టైలరు దగ్గరికి వెళ్ళివస్తూనే ఉంది. వేలు దూరిన చోట పిడికిలి దూరింది.

పరీక్ష ముందురోజు అతను ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు.

“మా అమ్మ కూడా నా పొట్టతో ఇంత ఓపిక పట్టలేదే. రేపు తూకం ఎక్కడానికి నాకేం భయం లేదు. మళ్ళీ టవరెక్కానంటే అదంతా నీ చలవే.”

అతని కళ్ళు చెమర్చాయి. ఆమె చేతులు విడిపించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం టైలరు కొట్టులో స్టూలుమీద కూలబడింది.

“ఘోరం చేశాను బాబాయ్. ఉత్సాహంగా తింటారని ఈ నాటకమాడాను. ప్యాంటుని మోసం చేస్తాం గానీ తూకాన్ని చేయగలమా? రేపు అందరి ముందూ ఆయన తల దించుకోవాలి. పైగా నా చేతులు పట్టుకుని మరీ కృతజ్ఞతలు చెప్పారు. ఆ మాట పుచ్చుకునే మొహమేనా నాది?”

టైలరు తల గీరుకున్నాడు.

“తప్పు నాదీ ఉందిలే తల్లీ. వచ్చినదానివి వచ్చినట్టే మాయమయ్యేదానివి, చెప్పే సందిస్తేగా? నిన్ను నిరాశపెట్టలేక ఇస్త్రీ చేసి ఇచ్చేసేవాణ్ణి.”

“వదులు చేశాకే కదా ఇస్త్రీ?”

“మొదటిసారి తర్వాత ఆ ప్యాంటులో విప్పడానికి గుడ్డే మిగల్లేదు తల్లీ.”