అచ్చుతప్పు లేని ఉత్తర్వు

పౌరుల హక్కుల మీద వచ్చిన పెద్ద తీర్పులన్నీ మా ప్రభుత్వ ముద్రణాలయంలోనే పుస్తకాలుగా అచ్చయ్యేవి. ముప్పై ఏళ్లు వాటి ప్రూఫులు దిద్దినవాణ్ణి నేను. దీర్ఘం తప్పితే న్యాయమూర్తినైనా వదల్లేదు. దీర్ఘాల సంగతి ఎత్తుకుంటే ఈ పోస్టుకార్డు చాలదు, పోనివ్వండి.

ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉండగానే ఓ ఉదయం మా అధికారి ఉత్తర్వు చేతికిచ్చాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేశారట. చూద్దును కదా, 'తొలగించడమైనది'లో సున్న ఎగిరిపోయింది. పట్టుబట్టి మళ్లీ టైపు చేయించి, అప్పుడుగానీ సంతకం పెట్టలేదు.

ఇంటికొచ్చి ఈ ఘనకార్యం చెప్పాను. మా ఆవిడ అటక మీంచి మా ప్రెస్సు పుస్తకమొకటి దించింది. మధ్యాహ్నాలు వాటితోనే ఆవిడకు కాలక్షేపం. పేజీ తిప్పి చదివింది.

"'సంజాయిషీ అడగకుండా ఏ ఉద్యోగినీ తొలగించరాదు. అది అతని హక్కు.' మిమ్మల్ని అడిగారా?"

"లేదు. ఇంత మంచి తీర్పు ఎప్పుడిచ్చారే?"

"పదేళ్లయింది. ప్రూఫులు దిద్దినవారని చివర మీ పేరే ఉంది. ఇది చదివినవారు అలా సంతకం పెట్టి వచ్చేస్తారా?"

"చదవలేదే," అన్నాను. "దిద్దాను."