కుడి బ్రేకు

“కుడి బ్రేకు ఒకటికి రెండుసార్లు చూడు బాబూ. ఎడమ చేతికి పట్టు లేదు.”

అద్దె సైకిళ్ళ దుకాణంలో చైనుకు నూనె వేస్తున్న కుంటి మెకానిక్ తలెత్తాడు.

ఎదురుగా అరవై దాటిన పెద్దమనిషి. చేతిలో నగరం మ్యాపు. మొహంలో బడి ఎగ్గొట్టిన పిల్లాడి హుషారు.

ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. ఉంగరపు వేలూ లేదు.

మెకానిక్ ఒళ్ళు భగ్గుమంది.

ఐదేళ్ళప్పుడు లారీ గుద్ది కాలు నుజ్జయిన రోజున, సరిగ్గా ఇలాంటి చెయ్యే రక్తం కారుతూ అతన్ని కాలరు పట్టి పక్కకి ఈడ్చింది. లారీ డ్రైవరు దొరకలేదు. ఆ మాటెత్తితే అమ్మ ఏడుస్తుందని ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ చేతి సంగతి అతనూ ఎవరికీ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా కడుపులోనే పెట్టుకుని పళ్ళు నూరుతున్నాడు.

“మా ఊరికి ఇదే మొదటిసారా సార్?” గొంతు మామూలుగా ఉంచాడు.

“రెండోసారి. అప్పుడు సగం ఊరు కూడా చూడలేదు. నీళ్ళ ట్యాంకు దిగుడు రోడ్డులోనే నా ప్రయాణం ఆగిపోయింది.”

“ఏమైంది?”

“ఓ పసివాడు... ఏమయ్యాడో ఏమో. ఇప్పటికీ కలలోకి వస్తాడు.”

రాకేం చేస్తాడు! పాపం ఊరికే పోతుందా?

మెకానిక్ వంగి కుడి బ్రేకు తీగ నట్టు విప్పాడు. తీగను ఊరికే ఆనించి వదిలేశాడు. మెల్లగా నొక్కితే పడుతుంది. గట్టిగా నొక్కితే జారిపోతుంది.

“ముందు ఆ ట్యాంకు దారినే వెళ్ళండి సార్. పైనుంచి ఊరంతా కనిపిస్తుంది.”

“అక్కడికే బాబూ. చల్లగా ఉండు.”

గంట మోగించుకుంటూ మలుపు తిరిగాడు.

లోపలి నుంచి కొత్త ట్యూబులతో తండ్రి వచ్చాడు.

“దొరికాడు నాన్నా!”

“ఎవడ్రా?”

“నా కాలు తీసిన డ్రైవరు. నన్ను ఈడ్చి పారేసి పారిపోయాడే, వాడు. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు.”

ట్యూబులు కింద పడ్డాయి.

“ఎక్కడ... ఎక్కడున్నాడ్రా ఆయన?”

‘ఆయన’ అన్న మాటకి మెకానిక్ వింతగా చూశాడు.

“ట్యాంకు దిగుడుకి పంపించా. బ్రేకు లేకుండా.” గుప్పిట విప్పి నట్టు చూపించాడు.

తండ్రి చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. మలుపు దాకా ఖాళీ. అక్కడే కూలబడిపోయాడు.

“లారీవాడు బండే ఆపలేదురా! ఎవరో పరాయి ఊరాయన, సైకిలు మీద ఊరు చూడ్డానికొచ్చి, నిన్ను చక్రం కిందనుంచి లాగబోయి పోగొట్టుకున్న వేళ్ళురా అవి!”