గుమ్మం మీద ప్రేమదీపం

ప్రేమికుల రోజు సాయంత్రం దంపతులు చేతులు పట్టుకుని కూర్చుంటే, వాళ్ళ గుండె దడను బట్టి గుమ్మం మీది దీపం ఎర్రగా వెలుగుతుంది. వెలగని ఇంటికి మర్నాడే ప్రభుత్వంవారి ప్రేమ సలహాదారు వచ్చి వారం రోజులు తిష్ట వేస్తాడు. నీరజాక్షి ఇంటి దీపం ఆరిపోయేలా మిణుకుమంటోంది.

“ఈ పండగ ఎవడు పెట్టాడే?” అని భర్త మురహరి విసుక్కున్నాడు.

“ప్రేమించుకున్నవాళ్ళకి దొంగచాటుగా పెళ్ళిళ్ళు చేసి తల పోగొట్టుకున్న సాధువు పేరు మీదట.”

“పాపం, ఆయన తల పోయింది. మన పెళ్ళి చేసిన మీ నాన్న తల మాత్రం నిక్షేపంగా ఉంది.”

“మా నాన్న జోలికొస్తే బాగుండదు.”

మాటా మాటా పెరిగింది. దీపం భగ్గుమంది. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

పక్కింటి కొత్త కోడలు పరుగున వచ్చి, ఆ రహస్యమేమిటో తనకీ చెప్పమంది.

నీరజాక్షి మొగుడి చెయ్యి వదలకుండానే చెప్పింది. “ముందు మీ పుట్టింటి మాట ఎత్తమనమ్మా మీ ఆయన్ని.”