స్మారక పీఠం

పొద్దుటి నుంచి ఫోన్ ఊపిరి తీసుకోనివ్వడం లేదు.

“ఎంత పని జరిగిందమ్మా. నిన్న కరపత్రం చూసేదాకా నాకు తెలియనే తెలియదు,” అని అవతల ఒకావిడ ఒకటే ఏడుపు. “మాస్టారి పీఠానికి నా వంతు ఇప్పుడే పంపిస్తున్నాను.”

“చాలా సంతోషమండీ,” అనేసి లెక్చరరమ్మ నాలుక కరుచుకుంది. ఏడ్చేవాళ్లతో అనాల్సిన మాటేనా అది?

సంతోషం కాక మరేమిటి. ప్రొఫెసర్ గారి పేరు మీద యూనివర్సిటీలో శాశ్వతంగా ఒక పీఠం పెట్టించాలని ఏడాదిగా కాళ్లరిగేలా తిరిగింది. పాత శిష్యులంతా “చూద్దాంలెండి” అన్నవాళ్లే. ‘ప్రొఫెసర్ గారి స్మారక పీఠం’ అంటూ నిన్న కరపత్రాలు పంచారో లేదో, అందరి చేతులూ జేబుల్లోకి వెళ్లాయి.

సాయంత్రం ఆఫీసు మూసేలోగా నిధి నిండితే ప్రాచీన లిపుల శాఖలో ఆయన ఉద్యోగం నిలుస్తుంది. అది ఆమెకే వస్తుంది. నిండకపోతే శాఖకు తాళం, టెంపరరీ లెక్చరరమ్మ ఇంటికి. ఇంటద్దె, తమ్ముడి చదువు అన్నీ ఆ జీతం మీదే.

గదిలో ఆ చివర సారు పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. ఆమెకు చదువు చెప్పిందీ, ఈ కొలువులో పెట్టిందీ ఆయనే. రేపటికల్లా ప్రొఫెసర్ గారి గది ఖాళీ చేసి ఇవ్వాలట. ఒక పుస్తకం పెట్టెలో వేస్తారు, తీస్తారు, మళ్లీ వేస్తారు.

“ఈ డబ్బు నాకు మింగుడుపడటం లేదమ్మా.”

“సాయంత్రం దాకా ఓపిక పట్టండి సార్. మీకు దండం పెడతాను.”

“పాపం, వాళ్లు ఏడుస్తున్నారు.”

“ఏడవనివ్వండి. ఇన్నాళ్లూ ఒక్కరన్నా ఈ గడప తొక్కారా?”

ఆ మాట సారుకి గట్టిగానే తగిలింది.

ఆమెకు కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే వరండాలోకి పోవాలనిపిస్తోంది. ఎదురుగా ఆఫీసు గుమస్తా అప్పుడే కిటికీలు మూస్తున్నాడు. నిధికి ఇంకా పావువంతు తక్కువ.

మళ్లీ ఫోన్. ఈసారి ఊళ్లో సగం మేడలు కట్టిన కాంట్రాక్టరు, ప్రొఫెసర్ గారి తొలినాళ్ల శిష్యుడు. స్పీకర్ పెట్టాల్సిన పనే లేదు, అతను మాట్లాడితే గదంతా వినిపిస్తుంది.

“ఎంత తగ్గితే అంతా నేనే వేస్తానమ్మా,” అన్నాడు. అంతలోనే ముక్కు చీదాడు. “ఒక్కటి చెప్పు. క్లాసులో నన్ను మొద్దూ అని పిలిచేవారు. పోయేముందు ఈ మొద్దుని ఒక్కసారన్నా తలుచుకున్నారా?”

అవునంటే పని అయిపోతుంది. ఆ ఒక్క ముక్కా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఫోన్ మీద చెయ్యి మూసి సారు వైపు చూసింది. ఈ ఒక్కసారికి ఊరుకోమని కళ్లతోనే బతిమాలింది.

సారు చేతిలో పుస్తకం పక్కన పెట్టారు. నెమ్మదిగా వచ్చి ఫోన్ అందుకున్నారు.

“ఒరే మొద్దూ, ఆ ‘స్మారక’ అన్నది అచ్చుతప్పురా, నాకు రేపు పదవీ విరమణ మాత్రమే,” అన్నారు.