చెంప మీద గాటు

“ఏమండీ, ఆ బార్బరు మొహం చూశారా? చెంప మీద ఎంత గాటో! మన చంటాడి చెవులు దక్కుతాయా?” తల్లి తన భర్త చెవిలో గుసగుసలాడింది.

“జుట్టు కత్తిరించుకోడానికొచ్చామే, అతనికి పిల్లనివ్వడానికి కాదు,” అన్నాడు భర్త.

కత్తెర ఆడిందో లేదో, కుర్చీలో కూర్చున్న పిల్లవాడు ఆరున్నొక్క రాగం అందుకున్నాడు.

“చెప్పానా! ఆ మొహం చూసి పసివాడు దడుచుకున్నాడు. పదండి, ఇంకో షాపుకెళ్దాం,” అంటూ తల్లి వాడిని లాక్కోబోయింది.

“అమ్మా, ఒక్క మాట,” అన్నాడు బార్బరు మెల్లగా. “బాబు నన్ను చూడట్లేదు. అద్దంలో మిమ్మల్ని చూస్తున్నాడు. కాస్త పక్కకి జరుగుతారా?”

భర్త ఆమెను పక్కకి లాగాడు. బార్బరు పిల్లవాడి మీదికి వంగి నోటితో అచ్చం పిచ్చుకలా కూశాడు. ఏడుపు ఠక్కున ఆగింది. పిల్లవాడు చెయ్యి చాచి, పిట్ట అందులోనే దాక్కుందన్నట్టు ఆ గాటునే తడిమి కిలకిలా నవ్వాడు. వాడు పిట్టను వెతుకుతుండగానే సగం తల పని అయిపోయింది.

అయినా తల్లికి నమ్మకం కుదరలేదు. మెడ చాచి అద్దంలోకి తొంగిచూసింది. గుడ్లు మిటకరించి, పిడికిలి నోట్లో కుక్కుకున్న ఆడమనిషి ఎవరో అందులోంచి తనవైపే చూస్తోంది.

“అమ్మబాబోయ్!” అంటూ ఆమే వెనక్కి గెంతింది.